కొబ్బరి చిప్ప కాపురం

ఆ ఏడు తమిళుల ఐప్పసి నెల వానలు మొదలైన వారంలోనే మా పుష్పవల్లి అత్త కుడికంటికి ఆపరేషన్ జరిగింది. ఎడమ కన్ను అంతకు ముందే షుగరు వల్ల పోయింది. మిగిలిన కంట్లో వెనక పొర ఊడిపోయిందనీ, దాన్ని అతికించి లోపల ఒక గాలి బుడగ పెట్టామనీ, ఆ బుడగ పైకి తేలి పొరను అదిమి పట్టుకోవాలంటే మనిషి బోర్లా పడుకునే ఉండాలనీ డాక్టరమ్మ చెప్పింది. తిన్నా, కూర్చున్నా, నాలుగడుగులు వేసినా ముఖం నేలకే ఉండాలట.

"ఎన్నాళ్లమ్మా?" అని అడిగాడు నాన్న.

"నేను చాలు అనేదాకా."

"చూపు వస్తుందా?"

"చెప్పినట్టు పడుకుంటే రావచ్చు. పడుకోకపోతే మాత్రం రాదు."

రేకు కొట్టీ కొట్టీ నాన్నకు ఒక చెవి మందగించింది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ చివరి జవాబు నా చేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. అత్త మా ఇద్దరి మధ్య తల వంచుకుని, మోకాళ్ల మీద దిండు పెట్టుకుని కూర్చుంది. చూలై బజారు మలుపు తిరిగేసరికి ఆటో కప్పు మీద చినుకులు పడ్డాయి.

"వానే గదా అది?" అంది అత్త తల ఎత్తకుండా. "ప్రియా, మొదటి వాన నీళ్లు పట్టొద్దు. మేడ మీద మురికంతా కొట్టుకొని పోనీ. రేపటి నీళ్లు పట్టు. డ్రమ్ము కడిగి పెట్టినా."

కన్ను పోతుందో ఉంటుందో తెలియని మనిషి, ఆపరేషన్‌కు పోయే ముందు డ్రమ్ము కడిగి పెట్టింది!

మా ఇల్లు సందు చివర ఉంది. కింద నాన్న వర్క్‌షాపు. ఇనుప రేకు కత్తిరించి, వంచి, కొట్టి, హాస్టలు పిల్లలు పట్టుకుపోయే ట్రంకు పెట్టెలు చేసేవాడు. తోడుగా సుబ్బన్ అనే పెద్దాయన ఉండేవాడు. పైన మేము ఉండేవాళ్లం. అమ్మా, నాన్నా, నేనూ, అత్త. అత్త పెళ్లి చేసుకోలేదు. తెలుగు మీడియం బడిలో సైన్సు టీచరు. ఆ వర్క్‌షాపు పెట్టించింది అత్త జీతమే అని అమ్మ ఎప్పుడైనా అనేది గానీ, అత్త నోటి నుంచి ఆ మాట నేనెన్నడూ వినలేదు.

ఇంటికి వచ్చిన సాయంత్రమే నాన్న ఒక పాత బెంచీకి తల వైపు గుండ్రంగా కోత పెట్టి, అంచుకు రేకు వంచి బిగించి, దాని మీద దూదీ పాత పంచే చుట్టి తెచ్చాడు. అత్త బోర్లా పడుకుని ముఖం ఆ కంతలో పెడితే ఊపిరి హాయిగా ఆడుతుంది. నాన్న బెంచీ పక్కనే నిలబడ్డాడు.

"గుచ్చుకోవడం లేదురా. బాగా కుదిరింది," అంది అత్త నేలకేసి. "యాడ వేసినావు బెంచీ?"

"నీ రూములోనేక్కా."

"చేపల పక్కనేనా?"

"చేపల పక్కనే." నాన్న గొంతులో విసుగు వినిపించింది. "ఆ పురుగుల మీద పెట్టే శ్రద్ధ ఒంటి మీద పెట్టుంటే..."

మాట పూర్తి చేయకుండానే కిందికి పోయాడు.

ఆ 'పురుగులు' రెండు చేపలు. ఎండాకాలంలో వచ్చాయి. అత్తతో పాటు బడిలో పనిచేసే లూర్దుమేరి టీచరు భర్తకు ఓడలో ఉద్యోగం. ఆయన సింగపూరు నుంచి ప్లాస్టిక్ సంచిలో, తువ్వాలు చుట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అపిస్టో అంటారట వాటిని. దక్షిణ అమెరికా అడవుల్లో, ఆకులు రాలి కుళ్లే సన్నటి వాగుల్లో బతుకుతాయి. మగది నా చూపుడు వేలంత ఉండేది. వీపు మీద రెక్క కోడిపుంజు జుట్టులా నిక్కి, తోకలో నిప్పు రంగు మచ్చలు. ఆడది అందులో సగం కూడా లేదు. బూడిద రంగులో ఉండి, ఎవరూ రెండోసారి చూడనట్టుండేది.

అత్త కళ్లు మాత్రం ఎప్పుడూ ఆ ఆడదాని మీదే. గుప్పీ, మోలీ చేపలు ఎన్నో పెంచింది. అవి పిల్లల్ని కని వదిలేస్తాయి, ఒక్కోసారి తినేస్తాయి కూడా. ఇది అలా కాదట. గుహలో గుడ్లు పెట్టి, కాపలా కాసి, పిల్లలు ఈదడం మొదలుపెట్టాక వాటిని వెంటేసుకుని మేతకు తిప్పుతుందట. ఆ తిప్పడం చూడాలని అత్త ఆశ. మూర్ మార్కెట్టులో చేపలమ్మే భక్తవత్సలం మాత్రం పెదవి విరిచాడు.

"ఈ ఊరి నీళ్లలోనా టీచర్? బోరు నీళ్లు ఉప్పు. గుడ్డు పొదగదు. సుమ్మా, ఊరికే అందానికి పెట్టుకోండి," అన్నాడు.

"ఆకాశం నీళ్లలో ఉప్పు ఉండదు గదా," అంది అత్త. అప్పటినుంచీ వానల కోసం కాచుకుని ఉంది. ఎండిన బాదం ఆకులు ఏరి తెచ్చి చేపల గాజు తొట్టిలో వేసింది. నీళ్లు పలచటి టీ రంగుకు తిరిగాయి. సగం కొబ్బరి చిప్పకు అంచున చిన్న నోరు కోసి ఇసుక మీద బోర్లించింది. అంతా సిద్ధమయ్యాక, వానతో పాటే కంటి జబ్బూ వచ్చి పడింది.

ఇక చూడటం నా పని అయింది. అప్పుడు నేను బి.కాం. మొదటి సంవత్సరం. కాలేజీ నుంచి రాగానే తొట్టి ముందు కూర్చోవాలి.

"ఆడది ఎట్ల ఉండాది?"

"బాగుంది అత్తా."

"బాగుంది అంటే ఏందే? నేనేమన్నా దానికి సంబంధం చూస్తా ఉండానా? రంగు చెప్పు. రెక్కలు విప్పుకోనుండాదా, ముడుచుకోనుండాదా? యాడ ఉండాది? మొగదానికి ఎదురుగా నిలబడిందా, వీపు తిప్పిందా?"

నాకు చూడటం రాదని అప్పుడు తెలిసింది. ఒక్కో ప్రశ్నకూ మళ్లీ తొట్టి వైపు తిరగాల్సి వచ్చేది. కోపం వచ్చేది, తర్వాత సిగ్గేసేది. రోజులు గడిచేకొద్దీ అడగకముందే చెప్పడం అలవాటైంది. అత్త బెంచీ కింద నేల వైపే చూస్తూ 'ఊ', 'ఊ' అనేది. మధ్యలో మెడ నొప్పికి భుజాలు బిగుసుకునేవి. అమ్మ నూనె రాసేది. "నొప్పిగా ఉందా వదినా?" అంటే, "ఉండాది. ఉండనీ. ఆ చిప్పలో ఏమైందో చెప్పమను," అనేది. ఆ మనిషి ఒక్కసారి, పొరపాటునైనా, తల తిప్పగా నేను చూడలేదు.

డ్రమ్ములోని వాన నీళ్లు రోజూ కొంచెం కొంచెంగా తొట్టిలో కలిపాను. దీపావళికి కొన్ని రోజుల ముందు ఆడది చిప్పలో దూరి బయటికి రావడం మానేసింది. నోటి దగ్గర పసుపు తిరిగిన దాని ముక్కు కొన మాత్రం కనిపించేది. టార్చి వేసి చూస్తే, చిప్ప లోకప్పుకు ఎర్రటి సన్నటి రవ్వలు అంటుకుని ఉన్నాయి.

"గుడ్లు!" అని అరిచాను.

"అరవబాక," అంది అత్త గుసగుసగా. "టార్చి తీసేయ్. దాన్ని దాని మానాన వదిలిపెట్టు." కానీ బెంచీ మీద ఆమె రెండు కాళ్లూ చిన్నపిల్ల కాళ్లలా ఆడుతున్నాయి.

కింద అదే సమయంలో పెద్ద ఆర్డరు నడుస్తోంది. చిత్తూరు వైపు ఏదో హాస్టలుకు పెట్టెలు. పొద్దున మొదలైన సుత్తి చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. ఆ చప్పుడుకు మా గోడలూ, గిన్నెలూ, మేమూ అలవాటు పడిపోయాం. తొట్టిలో నీళ్ల పైభాగం సన్నగా వణుకుతుండటం నేను అప్పుడే మొదటిసారి గమనించాను.

మరుసటి సాయంత్రం వచ్చి చూస్తే ఆడది చిప్ప బయట తిరుగుతోంది, మళ్లీ బూడిద రంగులో. చిప్ప లోపల ఏమీ లేదు.

"అత్తా, గుడ్లు లేవు."

"తినేసింది," అంది అత్త. "బెదిరితే అంతే. వేరేవాళ్ల నోట పడేదానికన్నా తన కడుపులోనే దాచుకుందాం అనుకుంటుందో ఏమో, పావం."

"సుత్తి చప్పుడుకే! నాన్న ఆ డబడబ..."

నేను మెట్ల మీదికి పరిగెత్తాను. వర్క్‌షాపులో నాన్న నోట్లో రివిట్లు పెట్టుకుని, రేకు మీద వంగి ఉన్నాడు. "ఒక్కపూటైనా ఆపకూడదా?" అని అరిచాను. ఆయన మంచి చెవి నా వైపు తిప్పి, "ఏందీ?" అన్నాడు. ఇంతలో పైనుంచి అత్త పిలుపు వినిపించింది. వెనక్కి పోయాను.

"వాడి పని వాడు చేస్తా ఉండాడు," అంది అత్త. "దాని పని అది చేసింది. నాకు ఇద్దరి మీదా కోపం లేదు. నువ్వు కోపం తెచ్చుకోబాక. మళ్లీ పెడుతుంది."

ఆ పూట అన్నం దగ్గర నాన్న చారన్నం కలుపుతూ అడిగాడు. "చేప గుడ్లు తినేసిందంటనే?"

"మీ సుత్తికి బెదిరిందంట," అంది అమ్మ.

నాన్న ఇంకొంచెం చారు పోసుకున్నాడు. "చేపకు చెవులుంటాయా?" అని నన్నడిగాడు.

"లోపల ఉంటాయంట నాన్నా. బయటికి కనిపించవు."



దీపావళి నాడు తొట్టికి మూడు వైపులా దుప్పట్లు కప్పాం. సందులో టపాకాయలు పేలుతుంటే అత్త బెంచీ మీద నుంచి చెయ్యి చాచి తొట్టి గాజు మీద అరచెయ్యి ఆనించి పడుకుంది. పండగ పోయింది. వాన మళ్లీ ముసురు పట్టింది. కాలేజీకి సెలవిచ్చిన ఒక మధ్యాహ్నం నేను మేడ మీద డ్రమ్ము దగ్గరున్నాను. అమ్మ రేషన్ కొట్టుకు పోయింది. అత్త కంట్లో మందు వేసే వేళైతే నాన్నే పైకి వచ్చాడు. బకెట్టుతో దిగుతున్న నాకు మెట్ల దగ్గరికి వాళ్ల మాటలు వినిపించాయి.

"ఏకాంబరం, పోయే ముందు ఆ తొట్టిలోకి ఒకసారి చూసి చెప్పు."

"నాకేం తెలుసక్కా? ప్రియ వస్తుంది."

"కళ్లుండాయి గదరా. చూడు."

బెంచీ పక్కన నాన్న గొంతుక్కూర్చున్న చప్పుడు వినిపించింది.

"చిన్నది పచ్చగా ఉండాది."

అత్త గొంతు మారిపోయింది. "ఏ పచ్చ?"

"ఏందీ?"

"ఏ పచ్చరా? ఆకుపచ్చా, పసుపుపచ్చా?" అత్త నేలకేసి అరిచింది. ఆకుపచ్చ అయితే తొట్టికి పాచి పట్టినట్టు. పసుపుపచ్చ అయితే తల్లి కాబోతున్నట్టు.

"పసుపే," అన్నాడు నాన్న. కాసేపాగి, "పసుపు కూడా కాదక్కా," అన్నాడు. "కొత్త ఇత్తడి రేకు చుట్ట విప్పుతామే, గాలి తగలకముందు, అట్ల మెరస్తా ఉండాది. కంటి మీదుగా ఒక నల్లగీత. సూదితో గీసినట్టు. కింది రెక్కల అంచు మసి పూసినట్టు నలుపు."

"మొగది?"

"దాని తోకలో కొలిమి ఎరుపు. ఒంటి పక్కన నీలం... రేకు బాగా కాల్తే ఒక నీలం తేలుతుంది చూడు, ఊదా దాటినాక, ఆ నీలం. ఓరి! అక్కా! చిన్నది పోయి పెద్దదాన్ని గుద్దింది!"

"గుద్దిందా!"

"మళ్లీ గుద్దింది! అది మూలకు పోయి నక్కింది. దాంట్లో సగం లేదు ఇది, ఏం ధైర్యమక్కా దీనికి!"

అత్త నవ్వుతోంది. బెంచీ కిర్రుమంటోంది. "నవ్వబాక, నవ్వబాక, బుడగ కదులుతుంది," అని నాన్న గాభరా పడుతున్నాడు. నేను బకెట్టు కింద పెట్టి ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ నేను ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పినా, అత్త ఒక్కసారి కూడా ఇలా నవ్వలేదు. ఆ చేపలో ఇత్తడి ఉందని నాకు తోచనే లేదు.

"చిప్పలో గుడ్లు పెట్టింది ఏకాంబరం," అంది అత్త నవ్వాగాక. "అందుకే ఆ రంగు. ఇక మొగడినైనా సరే దగ్గరికి రానీదు."

కింద నుంచి సుబ్బన్ తన యజమానిని "మొదలాళీ!" అని పిలిచాడు. నాన్నకు వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో, తొట్టి ముందు నుంచి లేవలేదు.

మరుసటి పొద్దున నేను నిద్ర లేచేసరికి ఇల్లు వింతగా ఉంది. ఏం తేడానో తెలియలేదు. అమ్మ కాఫీ కలుపుతున్న చెంచా చప్పుడు వినపడుతోంది. సందులో పూలమ్మి కేక వినపడుతోంది. అత్త గదిలో గాలి మోటారు సన్నగా బుడబుడమనడం వినపడుతోంది.

"వరదా," అని అత్త అమ్మను పిలిచింది. "ఈ రోజు ఆదివారమా?"

"కాదు వదినా. బుధవారం."

"మరి కింద పని?"

"పొద్దున్నే ఆయనా సుబ్బనూ రేకులు బండి మీద వేసుకొని పోయినారు. బేసిన్ బ్రిడ్జి దగ్గర ఎవరిదో షెడ్డు ఖాళీగా ఉండాదంట."

"ఈ వానలోనా?"

"వద్దంటే వింటారా?"

బెంచీ కంతలో నుంచి అత్త ముఖం నాకు కనిపించదు. "వాడికి తొందరగా జలుబు చేస్తుంది. రాగానే మిరియాల చారు పెట్టియ్యి," అంది.

సాయంత్రం సుబ్బన్ పనిముట్ల సంచి కోసం వచ్చినప్పుడు అడిగాను, నాన్న ఏం చెప్పాడని. "ఏమీ చెప్పలేదు పాపా. 'ఇంట్లో పసిపిల్లలు ఉండారు' అన్నాడు. ఎవరి పిల్లలు మొదలాళీ అంటే, నోరు మూసుకొని బండి తొయ్యి అన్నాడు."

ఆ తర్వాత ఇల్లంతా ఆ చేప చుట్టూ తిరిగింది. అమ్మ గది ముందు నుంచి పోయేటప్పుడు అడుగులు మెల్లగా వేసేది. తల్లి దెబ్బలకు మగదాని రెక్కలు చీలిపోతుంటే, నాన్న వలతో దాన్ని పట్టి పక్క తొట్టిలోకి మార్చాడు. షెడ్డు నుంచి తడిసి ముద్దై వచ్చి, తల కూడా తుడుచుకోకుండా తొట్టి ముందు కూర్చునేవాడు. ఆయనకు వినపడాలని అత్త గట్టిగా అడిగేది, ఆమెకు అర్థం కావాలని ఆయన గట్టిగా చెప్పేవాడు. మా చేప సంగతులు సందులో వాళ్లంతా విన్నారు. ఎదురింటి కన్నియమ్మ ఒక రోజు అమ్మను ఆపి, "చిప్పలో నుంచి బయటికి వచ్చిందా?" అని అడిగింది!

తర్వాత తుఫాను వచ్చింది. తెల్లవారేసరికి సందులో మోకాలి లోతు నీళ్లు. షెడ్డుకు పోయే దారి లేదు. కరెంటు పోయింది. అత్త గదిలో గాలి మోటారు ఆగిపోయింది.

"బుడగలు రావడం లేదక్కా."

"తెలుసు. కాసేపు తట్టుకుంటాయి. రోజంతా ఇట్లనే ఉంటే మాత్రం కష్టం."

నాన్న లుంగీ ఎగ్గట్టి వానలోకి దిగాడు. అమ్మ కిటికీలో నుంచి పిలుస్తూనే ఉంది. తిరిగి వచ్చినప్పుడు ఆయన భుజానికి అడ్డంగా, దండలా, ఒక లారీ ట్యూబు ఉంది. మెకానిక్ కొట్టు తలుపు కొట్టి తెచ్చాడట. సైకిలు పంపుతో దాన్ని ఉబ్బించి, తొట్టిలోని సన్న గొట్టాన్ని దాని మూతికి కట్టి, గాలి ఒకేసారి పోకుండా వర్క్‌షాపులోని చిన్న బిగింపుతో నొక్కి పట్టాడు. మెల్లగా మరను వదులు చేశాడు. తొట్టి అడుగు నుంచి ఒక బుడగ లేచింది. దాని వెనక ఇంకొకటి.

"వచ్చినాయా?" అంది అత్త.

"వచ్చినాయి." నాన్న గాజుకు ముఖం ఆనించి చూస్తున్నాడు. "అక్కా, బుడగలకు ఇసుక లేస్తా ఉండాది."

"అంత బుడగకు ఇసుక లేవదురా. సరిగ్గా చూడు."

"చిప్ప నోటి దగ్గర ఇసుక లేచి..." నాన్న ఆగిపోయాడు.

"లేచి?"

నేనూ అమ్మా దగ్గరికి పోయాం. బయట వాన హోరు. టీ రంగు నీళ్లలో, ఇత్తడి రంగు తల్లి కడుపు కింద, ఇసుక రవ్వలు కొన్ని మబ్బులా తేలి కదులుతున్నాయి.

"చెప్పరా ఏకాంబరం!"

"ఇసుకకు కళ్లుండాయక్కా," అన్నాడు నాన్న. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "ఒక్కో రవ్వకు రెండు కళ్లు."

అత్త చెయ్యి చాచింది. నాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తల్లి ఏం చేస్తా ఉండాది?"

"ముందు పోతా ఉండాది. అవి వెనకాల. ఇప్పుడు ఆగింది... తల ఒకసారి విదిలించింది... అక్కా, అన్నీ పడిపోయినాయి! ఇసుకలో కలిసిపోయినాయి, ఒక్కటీ కదలడం లేదు!"

"చచ్చిపోలేదురా, భయపడబాక. నీ నీడ పడి ఉంటుంది. నక్కమని చెప్పింది. అది వాటి భాష. కదలకుండా ఉండు, మళ్లీ పిలుస్తుంది."

నాన్న ఊపిరి బిగబట్టాడు. మేమూ కదలలేదు. కాసేపటికి తల్లి ఒళ్లు సన్నగా ఆడించింది. ఇసుక మళ్లీ లేచి మబ్బయింది.

"లేచినాయి," అన్నాడు నాన్న. "లేచి దాని దగ్గరికి పోయినాయి."

అత్త చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత, "ఇంకోసారి చెప్పరా," అంది. "మొదటి నుంచి. ఇసుక లేచింది దగ్గర నుంచి."

నాన్న మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఆ రోజు పొద్దు గూకేదాకా, ట్యూబులో గాలి తగ్గినప్పుడల్లా పంపు కొడుతూ, చెప్తూనే ఉన్నాడు.

పిల్లలు పెరిగాయి. ఉప్పు నీళ్లలో రొయ్య గుడ్లు పొదిగించి, ఆ సన్నటి రొయ్య పిల్లల్ని మేతగా వేశాం. వానలు తగ్గుముఖం పట్టాయి. ఒక పొద్దున అత్త బెంచీ మీద నుంచే నన్ను పిలిచింది.

"ప్రియా, నా కంట్లోనూ ఎవరో తొట్టి పెట్టినారే. నీటి మట్టం కనిపిస్తా ఉండాది. పైన తేట, కింద ఊగులాట."

బుడగ కరుగుతోందని డాక్టరమ్మ చెప్పింది. ఆ గీత రోజురోజుకూ కిందికి దిగింది. చివరికి చిన్న గోళీ అయి, ఒక రోజు లేకుండా పోయింది. పొర అతుక్కుంది. డాక్టరమ్మ అత్త రికార్డు మూసి, "ఇంత శ్రద్ధగా పడుకున్న మనిషిని నేను చూడలేదు. అన్నాళ్లు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగింది.

"ఖాళీగా లేను డాక్టర్. సంసారం చూసుకుంటా ఉన్నా," అంది అత్త.

అమ్మకూ నాకూ నవ్వాగలేదు.

మందపాటి కళ్లజోడు ఇచ్చారు. దాంతో మొదట్లో మనుషుల ఆకారాలు, తర్వాత ముఖాలు, పొంగల్ దాటేసరికి పేపరులో పెద్ద అక్షరాలు ఆనాయి. భక్తవత్సలం మూర్ మార్కెట్టు నుంచి పని కట్టుకుని వచ్చి, తొట్టి ముందు నిలబడి, గోరంత పెరిగిన పిల్లల్ని చూసి, "ఈ ఊళ్లోనే పుట్టినాయా టీచర్?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. "చూలైలోనే పుట్టినాయి," అంది అత్త. నాన్న సుత్తి పనిని మళ్లీ ఇంటికి తేలేదు. బేసిన్ బ్రిడ్జి షెడ్డు అలాగే ఉంచుకున్నాడు. కింద ఖాళీ అయిన చోట, ఆయనే ఇనుప స్టాండ్లు చేసి, తొట్లు పెట్టాడు.

ఒక సాయంత్రం నేనూ అత్తా తొట్టి ముందు కూర్చున్నాం. అత్త కళ్లజోడు సర్దుకుని, గాజుకు దగ్గరగా వంగి, "అదిగో, ఆ మూల పిల్లకు చూడు, వీపు రెక్కలో మొదటి ముల్లు నల్లబడతా ఉండాది. మొగపిల్లోడు," అంది. నేను ఎంత చూసినా ఆ నలుపు నాకు కనిపించలేదు.

"అత్తా, నీకు అంత సన్నవి కూడా ఆనుతున్నాయా? మరి మొన్న నాన్నతో, చేపలు ఇంకా సరిగ్గా కనిపించవు అన్నావే?"

అప్పుడే మెట్ల మీద నాన్న అడుగులు వినిపించాయి. అత్త గబుక్కున కళ్లజోడు తీసి కొంగు కింద పెట్టుకుని, నా వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టింది.

నాన్న వచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని, తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏమిరా ఏకాంబరం," అని గట్టిగా అడిగింది అత్త, "ఏం చేస్తా ఉండాయి?"

"ఉండక్కా, చెప్తా," అన్నాడు నాన్న.